యాప్ తీసేస్తే చాలదు: సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోవడం ఎలా?

యాంటీవైరస్‌కో, ఫొటోలు దిద్దే యాప్‌కో 'మొదటి నెల ఉచితం' అంటే కార్డు వివరాలు ఇచ్చేస్తాం. నచ్చకపోతే వారానికే యాప్ తీసేస్తాం. నెల తిరిగేసరికి ఖాతాలోంచి డబ్బు పోతుంది. ఫోన్‌లోంచి యాప్ పోయినా సబ్‌స్క్రిప్షన్ అలాగే ఉంటుంది మరి. దానికి ముడులు రెండు: ఒకటి కంపెనీతో, ఇంకొకటి బ్యాంకుతో. ముందు కంపెనీ ముడి విప్పి, తర్వాత బ్యాంకు దగ్గరికి వెళ్లాలి.

ముందుగా ఎక్కడ కొన్నారో గుర్తు తెచ్చుకోండి. ప్లే స్టోర్‌లో అయితే పైమూల మీ ఫొటో నొక్కి 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, మీ పేరు నొక్కితే 'సబ్‌స్క్రిప్షన్స్' కనిపిస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్నది ఈ రెండుచోట్లా కనపడదు. కొన్నప్పుడు ఇచ్చిన ఈమెయిల్‌తో ఆ సైట్‌లోనే లాగిన్ కావాలి. ఉచిత ట్రయల్ అయితే చివరి రోజు దాకా ఆగకండి, కనీసం ఒక రోజు ముందే రద్దు చేయండి.

క్యాన్సిల్ నొక్కగానే పని అయిపోయిందనుకోవద్దు. 'ఆగండి, సగం ధరకే ఇస్తాం' అని పెద్ద రంగు బటన్ వస్తుంది. దాని కింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో అసలు క్యాన్సిల్ ఉంటుంది. 'రద్దయింది' అన్న మాట తెరమీద కనిపించేదాకా వెళ్లి, తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసుకోండి. కంపెనీ పంపిన ఈమెయిల్ దాచుకోండి. మామూలుగా, కట్టిన గడువు ముగిసేదాకా వాడుకోవచ్చు.

ఒక మెలిక మాత్రం చూసుకోవాలి. కొన్ని ప్లాన్లు ఏడాది ఒప్పందాలే, డబ్బు మాత్రం నెలనెలా కట్టించుకుంటాయి. మధ్యలో మానేస్తే రుసుము వేస్తాయి. ఇలాంటి రుసుమును సరిగా చెప్పకుండా దాచిందని, రద్దును కష్టతరం చేసిందని సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ మీద, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నివేదించగా, అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో కేసు వేసింది. బ్యాంకులో ఉన్న మాండేట్ (దానంతటదే డబ్బు తీసుకునే అనుమతి) తీసేసినంత మాత్రాన ఇలాంటి ఒప్పందం రద్దు కాదు. కంపెనీ దగ్గర ముందు రద్దు చేయమన్నది అందుకే.

ఇక బ్యాంకు. యూపీఐతో కట్టుంటే మీ యూపీఐ యాప్‌లో 'ఆటోపే' లేదా 'మాండేట్స్' తెరిచి, పిన్ కొట్టి రద్దు చేయండి. కార్డయితే బ్యాంకు యాప్‌లో గానీ నెట్‌బ్యాంకింగ్‌లో గానీ చూడండి. మన కార్డుల మీద ఇలా పదేపదే కోత పడే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు విదేశీ కంపెనీలకూ వర్తిస్తాయి. డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందే మీకు సమాచారం రావాలి. అందులో కంపెనీ పేరు, మొత్తం, తేదీ, రిఫరెన్స్ నంబరు, కారణం ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునో, మొత్తం మాండేట్‌నో ఆపుకునే వీలూ ఉండాలి. ఈ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చెరిపేసేవాళ్లే ఎక్కువ. దయచేసి చదవండి. సాధారణంగా 15,000 రూపాయలలోపు సబ్‌స్క్రిప్షన్‌కు ప్రతిసారీ ఓటీపీ అడగరు కాబట్టి, మీకు దొరికే హెచ్చరిక అదొక్కటే.

మరిచిపోయి పొడిగించిన సబ్‌స్క్రిప్షన్‌కు రిఫండ్ వస్తుందా అంటే, అది చాలావరకు కంపెనీ షరతులను బట్టే ఉంటుంది. వెంటనే అడగండి, కొన్ని ఇస్తాయి. రద్దు చేశాక కూడా డబ్బు తీస్తే మాత్రం ఊరుకోకూడదు. స్క్రీన్‌షాట్ జతచేసి కంపెనీకీ, బ్యాంకుకూ అదే రోజు రాయండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకకండి, అక్కడ మోసగాళ్ల నంబర్లూ ఉంటాయి. రిఫండ్ కోసం ఓటీపీ చెప్పమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా ఫోన్ పెట్టేయండి.

రద్దు బటన్ దాచిపెట్టడం, ఉచిత ట్రయల్‌కే ఆటో-డెబిట్ వివరాలు బలవంతంగా తీసుకోవడం వంటివాటిని 2023 నవంబరు 30న కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే డిజైన్లు) మార్గదర్శకాలు 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్'గా పేర్కొని నిషేధించాయి. ఫిర్యాదులో ఈ మాటే రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా పరిష్కారం దొరక్కపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. కట్టిన డబ్బు 5 లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, రద్దు చేసిన రుజువు, కోత పడిన స్టేట్‌మెంట్, మీరు రాసిన ఈమెయిళ్లు దగ్గర పెట్టుకుని వెళ్లండి.