చలికాలం వేడినీళ్లు: పెద్దవాళ్లు కాలకుండా, కరెంటు షాక్ తగలకుండా

మియాపూర్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. పిల్లలు ఆఫీసు క్యాబ్ ఎక్కి వెళ్లిపోయాక, చాలా ఇళ్లలో పెద్దవాళ్లే నీళ్లు కాచుకుంటారు. బకెట్‌లో హీటర్ రాడ్డు వేసి, కాగాయా లేదా అని వేలు ముంచి చూస్తారు. రాడ్డులో లోపం ఉంటే ఆ ఒక్క వేలితోనే ప్రాణం పోవచ్చు.

పెద్దవాళ్లకే ఎందుకు ఎక్కువ ప్రమాదం?
వయసు మీద పడితే చర్మం పలచబడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి, కాలేదాకా వేడి తెలియదు. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లు తగిలినా చర్మం లోతుగా కాలుతుంది.

ఇలా చేయండి
• రాడ్డు నీళ్లలో పెట్టాకే స్విచ్ వేయండి. స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోండి.
• ఇనుప బకెట్ వద్దు. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి. తడి చేతులతో ప్లగ్ తాకొద్దు.
• ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి.
• రూమ్ హీటర్‌ను దుప్పటికి, చీర కొంగుకు మూడడుగుల దూరంలో ఉంచండి. పడుకునే ముందు ఆపేయండి.

"కరెంటు ఖర్చవుతుంది కదా!"
గృహజ్యోతి 200 యూనిట్లు దాటుతాయని కొందరు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నారు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 1500 వాట్ల రాడ్డు 40 నిమిషాలు నడిస్తే అయ్యేది ఒక్క యూనిట్. రోజూ వాడినా నెలకు 30. ఆ లెక్కకు భయపడి కుంపటి జోలికి పోవద్దు.

కాలితే ఏం చేయాలి?
వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి, కుళాయి కింద 20 నిమిషాలు చన్నీళ్లు పారనివ్వండి. పేస్టు, పసుపు, సిరా, ఐసు ఏదీ పెట్టొద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి. షాక్ తగిలిన మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపి, 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రి ఖర్చు ఎలా?
"పిల్లలకు భారమవుతుంది" అని గాయం దాచుకోకండి. తీవ్రమైన కాలిన గాయాలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షల రూపాయలు. ఆహార భద్రత కార్డు, ఆధార్ తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఉస్మానియా ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డు ఉంది. చిన్న గాయమైతే దగ్గర్లోని బస్తీ దవాఖానాలో ఉచితంగా చూస్తారు.

ఫోన్ నంబర్లు రాసి గోడకు అంటించుకోండి
అంబులెన్స్: 108
ఆరోగ్యశ్రీ సమాచారం: 104
కరెంటు ఫిర్యాదు: 1912
వృద్ధుల సహాయం: 14567

ఈ పేజీని మీ ఇంట్లో పిల్లలకూ పంపండి. ఈ ఆదివారమే రాడ్డు, వైరు, సాకెట్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించమని అడగండి.