వెనుక ఇరుసు మార్పు – ప్రొపెల్లర్ షాఫ్టు పొందిక

ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు నిలయమైన మన విశాఖపట్నములో మోటారు వాహనములకు కొదువ లేదు. వాటిని బాగుచేయు కార్ఖానాలకును కొదువ లేదు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ కారుకు గాని, పాత జీపుకు గాని వెనుక ఇరుసు చెడినచో, తుక్కు క్రింద విప్పిన వేరొక బండి ఇరుసును తెచ్చి బిగించుట కలదు. అయితే ఇరుసు కమాను కట్టల క్రింద కుదురుకొన్నంత మాత్రమున పని ముగియదు. గేరుబాక్సు నుండి ఇరుసునకు శక్తిని చేరవేయు ప్రొపెల్లర్ షాఫ్టును, దాని రెండు కొనలందలి క్రాసులును ఆ ఇరుసుతో పొందిక కలిగియుండవలెను. ఆ పొందికను ఎట్లు చూడవలెనో ఇచట వివరింతుము.

మొదటిది కొలతల పొందిక. క్రాసు అనగా కూడిక గుర్తు ఆకారముగల ఉక్కు ముక్క. దాని నాలుగు కొనలకు సూది బేరింగులుగల కప్పులుండును. కప్పు వ్యాసమును, ఎదురెదురు కప్పుల వెలుపలి అంచుల నడుమ దూరమును వెర్నియర్ కాలిపర్‌తో కొలవవలెను. కప్పును ఆపు సర్‌క్లిప్పు లోపలి వైపున్నదా, వెలుపలి వైపున్నదా అన్నదియు చూడవలెను. పినియన్ ఫ్లాంజికి బోల్టు రంధ్రముల సంఖ్య, అవి అమరిన వలయ వ్యాసము, నడిమి గట్టు వ్యాసము షాఫ్టు ఫ్లాంజితో సరిపోవలెను. షాఫ్టును సరిగా నడుమ నిలుపునది ఆ గట్టే గాని బోల్టులు కావు. కనుక రంధ్రములను ఆకురాయితో సాగదీయుట, వదులైన కప్పునకు రేకు ముక్క దూర్చుట తగదు. పినియన్ స్ప్లైనులకు సరిపడు వేరొక ఫ్లాంజినో, రెండు జతల కప్పులు రెండు కొలతలుగల క్రాసునో వెదకుట మేలు.

రెండవది పొడవు. బండి బరువు చక్రములపై ఉండగనే కొలవవలెను. గతుకులలో ఇరుసు కదలినప్పుడు షాఫ్టులోని జారుడు స్ప్లైను ముందుకు వెనుకకు సాగును. షాఫ్టు పొడవెక్కువైనచో గేరుబాక్సు బేరింగును పొడుచును; పొట్టిదైనచో స్ప్లైను ఊడివచ్చును. షాఫ్టును కోసి అతికించినచో తప్పక బ్యాలెన్సు చేయింపవలెను.

మూడవది కోణము. కార్డానో (1501–1576), రాబర్ట్ హుక్ (1635–1703)ల పేర్లతో ప్రసిద్ధమైన ఈ కీలునకు ఒక లోపమున్నది. అది వంగి తిరుగునపుడు అవతలి వేగము సమముగా నుండదు. 15 డిగ్రీల వంపులో నిమిషమునకు 1000 చుట్లు ఇచ్చినచో, అవతలి వేగము ప్రతి చుట్టులో రెండేసి మారులు 966కు తగ్గి, 1035కు హెచ్చును. రెండవ క్రాసు ఈ హెచ్చుతగ్గులను సరిచేయును. అందులకు రెండు నియమములు: షాఫ్టు రెండు కొనల ఫోర్కులు ఒకే తలములో నుండవలెను, రెండు క్రాసుల వంపులు సమముగా నుండవలెను, అనగా గేరుబాక్సు షాఫ్టును పినియనును సమాంతరముగా నుండవలెను. ఇరుసుపై కమాను కూర్చుండు దిమ్మె వేరుగా అతికి ఉన్నచో పినియన్ ముక్కు ఎత్తు మారును. అప్పుడు కమానుకు దిమ్మెకు నడుమ ఏటవాలు పట్టీ పెట్టి సరిచేయవలెను.

ఇవి చిన్న విషయములని తోచవచ్చును. కాని సింహాచలము ఘాటు రోడ్డువంటి ఎక్కుడులో క్రాసు విరిగినచో చక్రములకు శక్తి అందదు. దిగుడులో ఇంజను పట్టు దక్కదు. కొన్ని పాత జీపులకు చేతి బ్రేకు సైతము ఈ షాఫ్టుపైననే పనిచేయును గనుక అదియు పోవును. తెగిన షాఫ్టు ముందు కొన నేలను తాకినచో బండినే ఎత్తివేయగలదు. బండిలో కూర్చున్నవారి ప్రాణము అరచేతిలో ఇమిడే క్రాసుపై ఆధారపడియున్నదని గుర్తించిన పనివాడు కొలవకుండ బోల్టు బిగింపడు.