‘సపోటా’ శబ్దము – వ్యుత్పత్తి విచారము

నామములన్నియు ధాతుజములని శాకటాయనుని మతము. అన్నియు కావని గార్గ్యుని మతము. యాస్కుడు నిరుక్తమున ఈ వివాదమును చర్చించి శాకటాయన పక్షమునే సమర్థించెను. అయినను వృక్షనామముల విషయమున గార్గ్యుని హెచ్చరిక స్మరణీయము. ‘సపోటా’ శబ్దము ఇందులకు నిదర్శనము.

జహీరాబాదు ప్రాంతమందలి న్యాల్‌కల్ బీదరు సరిహద్దున నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలసి వినబడు ఈ సీమలో ఒకే ఫలమును తెలుగున సపోటా యనియు, మరాఠీ, ఉర్దూలలో చీకూ యనియు వ్యవహరింతురు. ఇవి భిన్నశబ్దములుగ తోచును. కాని రెండును ఒకే సమాసపు ఖండములు.

మెక్సికో దేశపు నహువాటల్ భాషలో మెత్తని తీపి ఫలములకు ‘త్సపోట్ల్’ అని సామాన్యనామము. ‘షికోత్లి’ యనగా తుమ్మెద వంటి కీటకము. ఈ రెండింటి సమాసము ‘షికోత్సపోట్ల్’. మన డుమువులు సమాసమున లోపించునట్లే ఇందు పూర్వపదపు ‘త్లి’ ప్రత్యయము లోపించినది. 1521లో మెక్సికోను జయించిన స్పానిష్ వారి నోట ఇది ‘చికోసపోతే’ ఆయెను. దాని పూర్వపదము చీకూ, ఉత్తరపదము సపోటా. స్పానిష్ భాషలో ‘చికో’ యనగా చిన్నది కావున ‘చిన్న సపోటా’ యని అర్థము చెప్పుట కేవలము ధ్వనిసామ్యము వలన కలిగిన భ్రాంతి.

‘స–పుట’ యని విగ్రహించి దీనిని సంస్కృతమునకు లాగుటయు అట్టిదే. సంస్కృత ఆకారాంతములు తెలుగున హ్రస్వమగును: లతా–లత, మాలా–మాల. సపోటాలో దీర్ఘము నిలిచియున్నది. కావున ఇది తత్సమము కాదు, అన్యదేశ్యము. ‘సపోట’ యను హ్రస్వరూపము శబ్దము తెలుగుతనము పొందుటకు గుర్తు.

మరియొక ప్రమాదము కలదు. అమరకోశమున రాజాదనము, క్షీరిక యని పేర్కొనబడినది మన పాలచెట్టు. దానివలెనే సపోటా చెట్టును గాటు పెట్టిన పాలు కారును. మన తోటలలో పాలమొక్కపైనే సపోటాను అంటుకట్టుదురు. రెండును వృక్షశాస్త్రమున ‘మనిల్కారా’ ప్రజాతికి చెందినవి. ఆ ప్రజాతినామము మలయాళ భాష నుండి గ్రహింపబడినది. ఇంత బాంధవ్యము కలదని ‘క్షీరిక యనగా సపోటా’ యని టీక వ్రాసినచో, అమెరికా ఖండపు ఫలమును అమరసింహుని కాలమునకు చేర్చినట్లగును. ఆయుర్వేద గ్రంథములు చదువు విద్యార్థి ఒక చెట్టునకు చెప్పిన గుణములను వేరొక చెట్టున వెదకును.

కావున వృక్షనామమునకు ధాతువును వెదకుటకు పూర్వము ఆ వృక్షము ఎచటిదో విచారింపవలెను.