సాయంత్రం పాల తరువాత పాఠం
(వీడియో కాన్ఫరెన్స్ ద్వారా ట్యూషన్ ఏర్పాటు చేసుకొనే విధానం – సంఘ సభ్యులకు ఒక పాఠం)



పాల బిల్లు చేతికి వచ్చిన రోజున, దాణా బాకీ తీర్చిన తరువాత మన ఇళ్లల్లో మొదట తీసి పక్కన పెట్టేది పిల్లల చదువు డబ్బే. కాని డబ్బు ఉన్నంత మాత్రాన చెప్పేవారు దొరకరు. పదవ తరగతి లెక్కలు, సైన్సు బాగా చెప్పే మాస్టారు రాజమండ్రిలోనో, అమలాపురంలోనో, భీమవరంలోనో ఉంటారు. సాయంత్రం పాలు పోసి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. ఆ వేళ ఆడపిల్లను బస్సు ఎక్కించి పంపడానికి తల్లికి మనసొప్పదు. లంక గ్రామాలవారికైతే రేవు దాటడమే ఒక పని. అందువల్ల చదువులో ముందున్న పిల్ల కూడా లెక్కల దగ్గర ఆగిపోతున్నది. పిల్ల మాస్టారి దగ్గరకు వెళ్లలేనప్పుడు మాస్టారినే ఫోనులో ఇంటికి రప్పించుకోవచ్చు. ఆ పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. దూరపు పాఠం మనకు కొత్త కాదు

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పగలు పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం మొదలైన విషయాలు చూపించేవారు. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చిన సంగతి మనకు తెలిసినదే. ఈ రెండింటిలోనూ ఒక లోటు ఉంది. పెట్టెలోని మాస్టారు చెప్పుకుపోతారు. పిల్లవాడు సందేహం అడగడానికి వీలులేదు.

ఆ లోటు తీర్చేది వీడియో కాన్ఫరెన్స్. 2009లో ఆచార్య సుగత మిత్ర పూనికతో ఇంగ్లండులోని కొందరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పెద్దవాళ్లు తమ ఇళ్లలో కూర్చొని స్కైప్ ద్వారా హైదరాబాదు పిల్లలతో మాట్లాడారు, కథలు చదివి వినిపించారు. ఆ స్కైప్ 2025 మే నెలలో మూతపడింది. సాధనం పోయినా పద్ధతి మిగిలింది. మన డెల్టాలోనే సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరు నాటికే ఇళ్లకు ఫైబర్ తీగ ద్వారా ఇంటర్నెట్ అందించారు. కాబట్టి ఇది మన ఊళ్లకు అందని విషయం కాదు.

2. కావలసిన సామగ్రి

(అ) ఒక స్మార్ట్‌ఫోను. కంప్యూటరు ఉంటే మరీ మంచిది.
(ఆ) మైకు ఉన్న ఇయర్‌ఫోను.
(ఇ) ఫోను కదలకుండా నిలబెట్టే ఆధారం. నాలుగు పుస్తకాల దొంతర చాలు.
(ఈ) సిగ్నలు బాగా అందే, సందడి లేని చోటు. స్లాబు ఇంటి లోపలి గదిలోను, రేకుల షెడ్డులోను సిగ్నలు తగ్గుతుంది. కిటికీ పక్కన ప్రయత్నించండి.
(ఉ) దీపం పిల్లవాడి ముఖంమీద పడాలి. వీపు వెనుక ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది.

మాస్టారికి రెండు ఫోనులు ఉంటే, ఒకదానిని తలకిందుగా, నోటుపుస్తకం మీదికి చూసేటట్లు అమర్చుకోవాలి. ఈ రెండవ ఫోనులో మైకు, స్పీకరు ఆపి ఉంచాలి. లెక్క వేసే చెయ్యి కనిపిస్తేనే లెక్క అర్థమవుతుంది.

3. ఏ సాఫ్ట్‌వేరు?

ఎక్కువమంది వాడేవి గూగుల్ మీట్, జూమ్. ప్రస్తుతం ఉచిత పద్ధతిలో జూమ్‌లో ఒక సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది. మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు. ఇద్దరే ఉంటే ఈ ఇబ్బంది లేదు. కనుక పాఠాన్ని 35 నిమిషాలకు కుదించుకొని, చివరి పది నిమిషాలు సందేహాలకే వదలడం మంచిది. ఇద్దరు ముగ్గురు పిల్లలకైతే వాట్సాప్ వీడియో కాల్ కూడా సరిపోతుంది. ఏదైనా ఒక్కటే ఎంచుకొని, దానికే కట్టుబడి ఉండాలి. రోజుకొకటి మారిస్తే పిల్లలు తికమక పడతారు.

4. ఏర్పాటు చేసే క్రమం

మాస్టారు చేయవలసినవి:
మొదట ఫోనులోని ప్లేస్టోరు నుండే సాఫ్ట్‌వేరు దింపుకోవాలి. ఎవరో పంపిన ఫైలు నుండి దింపుకోకూడదు. తరువాత తమ ఖాతాతో ప్రవేశించి, తరగతి రోజు, వేళ ముందుగా నిర్ణయించాలి. జూమ్ అయితే పాస్‌కోడ్ అనే రహస్య సంఖ్యను, వెయిటింగ్ రూమ్‌ను పెట్టాలి. వెయిటింగ్ రూమ్ అంటే వాకిలి అరుగు వంటిది. వచ్చినవారు అక్కడ ఆగుతారు. మాస్టారు పేరు చూసి లోపలికి పిలుస్తారు. లింకును తల్లిదండ్రులకు మాత్రమే పంపాలి.

పిల్లలు చేయవలసినవి:
ముందురోజే సాఫ్ట్‌వేరు దింపి, ఒకసారి పరీక్షించుకోవాలి. మైకు, కెమెరా వాడవచ్చా అని ఫోను అడిగినప్పుడు అనుమతి ఇవ్వాలి. కొందరు భయపడి కాదంటారు. అప్పుడు పిల్లవాడి మాట మాస్టారికి వినిపించదు. పేరు ఉన్న చోట నాన్నగారి పేరు కాక పిల్లవాడి పేరు రాయాలి. పాఠం జరుగుతున్నంతసేపు మైకును మ్యూట్‌లో ఉంచి, సందేహం వచ్చినప్పుడు చేయి గుర్తు నొక్కి, పిలిచిన తరువాత మైకు తెరవాలి. 13 ఏళ్లు నిండని పిల్లలకు గూగుల్ ఖాతా తల్లిదండ్రుల పర్యవేక్షణలోనే తెరవాలి.

5. డేటా లెక్క

పాలకు వెన్న శాతం చూసినట్లే డేటాకు లెక్క చూడాలి. జూమ్‌లో ఇద్దరి మధ్య మంచి బొమ్మతో మాట్లాడటానికి సెకనుకు సుమారు 600 కిలోబిట్లు వస్తాయి, 600 పోతాయి; మొత్తం 1,200. గంటకు 3,600 సెకన్లు. రెండింటిని గుణించి, 8 బిట్లు ఒక బైటు గనుక 8తో భాగిస్తే సుమారు 540 మెగాబైట్లు అవుతుంది. రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల పథకంలో ఇది మూడోవంతు పైనే. పిల్లవాడి కెమెరా ఆపి ఉంచితే ఖర్చు బాగా తగ్గుతుంది. సిగ్నలు సన్నగా ఉన్న రోజున మాస్టారు కూడా కెమెరా ఆపి, పాఠం పేజీని, తమ మాటను మాత్రమే పంపితే పాఠం తెగకుండా సాగుతుంది.

6. మా మొదటి రోజు అనుభవం

మా ఊరిలో మొదటి తరగతికి అయిదుగురు పిల్లలు చేరారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే గదిలో రెండు ఫోనులు పెట్టుకొన్నారు. ఒకదాని మాట రెండవది అందుకొని చెవులు గింగురుమనే కూత మొదలైంది. ఇంకొక ఇంట్లో తండ్రికి గడ్డి బేరం ఫోను వచ్చి పాఠం తెగిపోయింది. మాస్టారు లెక్క సగంలో ఉండగా నలభై నిమిషాలు నిండి అంతా ఆగిపోయింది.

ఇవన్నీ మరునాడే సరిచేసుకొన్నాం. ఒక గదిలో ఒకే ఫోను, లేదా ఇద్దరికీ ఇయర్‌ఫోనులు అని నియమం పెట్టుకొన్నాం. కాని ఒక లోపం మాత్రం పది రోజుల వరకు మాకు తెలియలేదు. పదవ తరగతి అమ్మాయి ఒకతె ఒక్క సందేహమూ అడగడం లేదు. బాగా వస్తున్నదని అందరం అనుకొన్నాం. తీరా చూస్తే ఆ పిల్ల ఫోనును వీధి అరుగుమీద పెట్టారు. నలుగురు పెద్దలు కూర్చొని ఉండగా, "నాకు అర్థం కాలేదు మాస్టారూ" అనడానికి ఆమెకు సిగ్గు. ఫోనును వంటింటి పక్క గదిలోకి మార్చి, తల్లి కనుచూపులోనే ఉంచారు. ఆ సాయంత్రమే ఆమె మూడు సందేహాలు అడిగింది. అన్ని మీటలు సరిగ్గా నొక్కినా, పిల్ల నోరు తెరచి అడగలేని చోట పెడితే ఆ ఏర్పాటు వృథా.

7. తీసుకోవలసిన జాగ్రత్తలు

2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం మంత్రిత్వశాఖ జూమ్ వాడేవారికి కొన్ని సూచనలు ఇచ్చింది. అవి నేటికీ పాటించదగినవి. ప్రతి సమావేశానికి కొత్త సంఖ్య, కొత్త పాస్‌కోడ్ ఉండాలి. మాస్టారు రాకముందు ఎవరూ లోపల చేరకుండా చూడాలి. అందరూ వచ్చిన తరువాత తలుపు గడియ పెట్టినట్లు సమావేశాన్ని లాక్ చేయాలి. రికార్డు చేసే సౌకర్యాన్ని అదుపులో ఉంచాలి.

మన పాల డబ్బు బ్యాంకులో పడినట్లు కబురు వచ్చేది కూడా ఆ ఫోనుకే. కాబట్టి ఓటీపీ సంఖ్య ఎవరికీ చెప్పవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

8. సంఘం చేయగల సహాయం

ఇంట్లో ఫోను ఒక్కటే ఉన్నప్పుడు అది కొడుక్కు, కూతురికి పాత పుస్తకం అన్న పద్ధతి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఇది మారాలి. ఇంటర్నెట్, కరెంటు సౌకర్యం ఉన్న సంఘాలలో సాయంత్రం పాల సేకరణ ముగిసి, క్యానులు వెళ్లిన తరువాత గది ఖాళీగానే ఉంటుంది. ఫోను లేని సభ్యుల పిల్లలకు ఆ గదిని గంటసేపు ఇచ్చే విషయం పాలకవర్గ సమావేశంలో చర్చించి తీర్మానం చేసుకోవచ్చు. ఒక టీవీ తెర, ఒక మైకు ఉంటే పదిమంది కలిసి వినవచ్చు. తల్లులలో ఒకరు వంతులవారీగా దగ్గర ఉండాలి. అయితే సభ్యుల పాల లెక్కలు, బ్యాంకు వివరాలు ఉండే కంప్యూటరును తరగతికి వాడకూడదు. దానికి వేరే పరికరం ఉండాలి.

ఒక్కొక్కరు పోసే పాలు కొద్దిపాటివే అయినా, కలిస్తే ట్యాంకరు నిండుతున్నది. ఒక్క ఇంటివారు మాస్టారిని పెట్టుకోలేకపోవచ్చు. పది ఇళ్లవారు కలిస్తే పెట్టుకోగలరు.

మననం చేసుకొనుటకు ప్రశ్నలు

1. వెయిటింగ్ రూమ్ వల్ల ఉపయోగమేమి?
2. ఒకే గదిలో రెండు ఫోనులు ఎందుకు పెట్టకూడదు?
3. మీ ఇంట్లో రోజుకు ఎంత డేటా వస్తున్నది? అందులో పాఠానికి ఎంత కావాలి?
4. మీ పిల్ల ఎక్కడ కూర్చుంటే సంకోచం లేకుండా సందేహం అడగగలదు? ఈ రాత్రి ఆమెనే అడిగి తెలుసుకోండి.