కిరాత శబ్దము

క్రూరకర్మ చేసినవానిని మనము 'కిరాతకుడు' అందుము. వాని పని 'కిరాతకము'. పత్రికలలోను, ఉపన్యాసములలోను ఈ మాట తరచు వినబడును. కాని ఇది మొదట తిట్టు కాదు, ఒక జనుల పేరు. శుక్ల యజుర్వేదమున కిరాతులు గుహలతో చేర్చి చెప్పబడిరి. భారతమున ప్రాగ్జ్యోతిషాధిపతి భగదత్తుని సేనలో వారు కలరు. నేటికిని నేపాలమున రాయి, లింబు జనులు తాము కిరాతులమని సగర్వముగ చెప్పుకొందురు. వేటాడి బ్రతుకువారు గనుక హింసకులనియు, ఆపై దయలేనివారనియు లోకము అర్థమును దిగజార్చినది. రాజు వేటాడిన మృగయావినోదము, అడవిలో పుట్టినవాడు ఆకలికి వేటాడిన కిరాతకము!

అమరసింహుడు కిరాత, శబర, పుళిందులను మ్లేచ్ఛజాతి భేదములుగ లెక్కించెను. శ్రీమద్భాగవతము త్రోవ వేరు. ద్వితీయ స్కంధము నాల్గవ అధ్యాయమున శుకయోగి కథారంభమునకు ముందు భగవంతుని స్తుతించును. అందొక శ్లోకమున కిరాతులు, హూణులు, ఆంధ్రులు, పుళిందులు మున్నగువారు, ఇంకను పాపులైనవారు, భగవద్భక్తుల నాశ్రయించి శుద్ధులగుదురని చెప్పెను. పాఠకులు గమనింతురు గాక: ఆ వరుసలో మూడవ పేరు మనదే! ఐతరేయ బ్రాహ్మణమునను, విశ్వామిత్రుని శాపము పొందిన కుమారుల సంతతిగ ఆంధ్రులు శబర పుళిందుల సరసనే నిలిచిరి. కనుక కిరాత శబ్దమును తిట్టుగ వాడు తెలుగువాడు తన పంక్తిలో కూర్చున్నవానినే తిట్టుచున్నాడు.

ఆసిఫాబాదు ప్రాంతమున భాగవతము చెప్పువారు ఈ శ్లోకముకడ కొంత ఆగవలెను. కిరాతుడనగా 'అడవి మనిషి' అని ఒక్కమాటతో దాటవేసినచో, సభలోని గోండు, కోలాము సోదరులు అది తమకే తగిలినదని తలతురు. నిజమునకు కిరాతులు హిమవత్ప్రాంతమువారు. గోండులు తమను 'కోయితూర్' అని చెప్పుకొందురు; చాందా నేలిన రాజులు వారివారే; వారి భాష తెలుగునకు తోబుట్టువని భాషావేత్తలు తేల్చిరి. క్రూరుని క్రూరుడనుటకు మనకు క్రూరుడు, నిర్దయుడు అను మాటలు చాలును.

ఇంద్రవెల్లి మండలపు కేస్లాపూరులో పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయులు కాలినడకన తెచ్చిన గోదావరి జలముతో నాగోబాకు అభిషేకము జరుపుదురు. తిరుమలనంబి శ్రీనివాసునకు దూరమునుండి తీర్థము మోసెనని విని పులకించు మనకు, ఆ నడక తెలియనిది కాదు.