పసిబిడ్డకు లాల పోసే చేతులకు

మణుగూరు, పినపాక, కరకగూడెం పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగి రిటైరయ్యాను. ఇప్పటికీ కాలనీలో ఎవరింట్లో కాన్పయినా, "అమ్మమ్మా, ఒక్కసారి వచ్చి పాపకు నీళ్లు పోసి చూపించవా" అని కబురొస్తుంది. వెళ్తాను. అంతటా ఒకటే కంగారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటుంది, తల్లి చేతులు వణుకుతుంటాయి, చుట్టూ చేరిన నలుగురూ నాలుగు రకాలుగా చెబుతుంటారు. నేను చూసినంతలో బిడ్డను ఏడిపించేవి మూడు: చలి, ఆకలి, పెద్దవాళ్ల తొందర. ఈ మూడింటినీ దూరం పెడితే లాల పోయడం ఇంటిల్లిపాదీ ఎదురుచూసే పని అవుతుంది.

1. పుట్టిన రోజున స్నానం వద్దు. బిడ్డ ఒంటిమీద వెన్నలాంటి తెల్లటి పూత ఉంటుంది. దాన్ని మురికనుకొని పిండి పెట్టి మరీ రుద్ది తీసేసేవారు మన పెద్దవాళ్లు. ఆ పూత లేత చర్మాన్ని కాపాడేది, దానంతట అదే ఇంకిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 24 గంటలు ఆగమని చెబుతోంది. తడి ఒంటితో పుట్టిన బిడ్డకు తన వేడిని తాను నిలుపుకొనే శక్తి ఇంకా ఉండదు. ఒళ్లు 36.5, 37.5 డిగ్రీల మధ్య ఉండాలి, అది కాస్త జారినా పాలు తాగే ఓపిక తగ్గిపోతుంది. నెల తక్కువ బిడ్డ, రెండున్నర కిలోల లోపు బిడ్డ అయితే డాక్టరు సరే అనేదాకా నీళ్లు పోసే మాటే వద్దు. తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టడమే ఆ బిడ్డకు కావలసింది.

ఈ వెచ్చదనం సంగతి ఊరికే అనడం లేదు. ప్రాణహిత అవతలి ఒడ్డున, మనలాగే అడవి జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పించి 39 ఊళ్లలో ఇంటింటికీ పంపారు. నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అక్కడ నేర్పిన వాటిలో బిడ్డను వెచ్చగా ఉంచడం ఒకటి. 2011లో దేశమంతటా ఆశ కార్యకర్తలు ఇంటికొచ్చి పసిబిడ్డను చూసే పద్ధతి మొదలవడానికి ఆ పనే దారి చూపింది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశ మీ ఇంటికి రావాలి. అందులో ఒకనాడు ఆమె ఎదుటే లాల పోయండి. మీ చేతుల్లో ఏం సరిదిద్దాలో ఆమె చెప్పగలదు.

2. బొడ్డు ఊడేదాకా తుడవడం చాలు. ఊడటానికి ఐదు రోజుల నుంచి పదిహేను రోజులు పడుతుంది. దాని మీద పసుపు, బూడిద, నూనె ఏవీ పెట్టకండి. పొడిగా, గాలి తగిలేలా వదిలేయండి. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన మెత్తటి నూలుగుడ్డతో ముందు కళ్లు, ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి గుడ్డలో ఒక్కో కొస. తర్వాత ముఖం, చెవుల వెనక, మెడ. మెడ మడతల్లోకి పాలు జారి, ఆరి, పుల్లటి వాసన వేస్తూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోతుంది. గడ్డం కింద ఒక వేలు పెట్టి నెమ్మదిగా పైకెత్తితే ఆ మడత విచ్చుకుంటుంది. అక్కడ తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. చంకలు, తొడల మడతలు, చివర్న పిరుదులు. ఆడపిల్లకైతే ముందు నుంచి వెనక్కే తుడవాలి.

3. అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. రెండు తువ్వాళ్లు, గుడ్డలు, చొక్కా, లంగోటా, టోపీ, చెంబు, కలిపి ఉంచిన నీళ్లు. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కుకుంటుంది. ఆకలి మీదున్నప్పుడూ వద్దు. తాగి అరగంటో ముప్పావుగంటో అయ్యాక మంచి సమయం. మధ్యలో ఫోన్ మోగినా, పొయ్యి మీద పాలు పొంగినా బిడ్డను తొట్టిలో వదిలి లేవకండి. వెళ్లక తప్పకపోతే తువ్వాలు చుట్టి చంకనేసుకొని వెళ్లండి. పసిబిడ్డకు బెత్తెడు లోతు నీళ్లయినా ప్రమాదమే.

4. నీళ్ల సంగతి మన మణుగూరులో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎండాకాలంలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి మరుగుతున్నట్టే ఉంటాయి, కుళాయి తిప్పితే మొదట వచ్చే ధారకు పెద్దవాళ్ల చెయ్యే కాలుతుంది. ఆ కుళాయి కింద బిడ్డను ఎన్నడూ పెట్టకండి. రాత్రే బకెట్టు నింపి నీడన మూతపెట్టి ఉంచుకుంటే పొద్దున వాడుకోవచ్చు. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపు లాల పోసి, సాయంత్రం తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చెమటకాయలు రావు, బిడ్డ హాయిగా పడుకుంటుంది. మార్గశిరం, పుష్యమాసాల్లో అడవి గాలికి పొద్దెక్కినా మంచు వదలదు. అప్పుడు పదీ పదకొండు మధ్య, ఎండ వాకిట్లోకి వచ్చాక, తలుపులు మూసి, ఫ్యాను ఆపి పోయండి. చలి ఎక్కువగా ఉన్న రోజు మానేసినా బిడ్డకేమీ కాదు. వారానికి రెండు మూడుసార్లు పోసినా సరిపోతుంది.

తొట్టిలో ముందు చన్నీళ్లు, ఆపైన వేణ్నీళ్లు. ఈ వరస తప్పకండి. అంట్లు తోమి, పొయ్యి దగ్గర కాగిన వేళ్లకు వేడి సరిగా తెలియదు, అందుకే మోచెయ్యి ముంచి చూడాలి. అక్కడ వేడీ అనిపించకూడదు, చల్లనా అనిపించకూడదు. అది సుమారు 37 డిగ్రీలు. మన ముంపు ఊళ్ల వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు వరద నీళ్లు ఊళ్లలోకి ఎక్కాయి. అలాంటి రోజుల్లో బావి నీళ్లనూ బోరింగు నీళ్లనూ నమ్మకండి. వడగట్టి, మరగబెట్టి, చల్లార్చిన నీళ్లతో తుడిస్తే చాలు.

5. పట్టు కుదిరితే సగం పని అయినట్టే. మన పద్ధతి కాళ్ల మీద పోయడం. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, దగ్గరగా కలిపి, బిడ్డ తల మన పాదాల వైపు, కాళ్లు మన పొట్ట వైపు వచ్చేలా పడుకోబెడతాం. ఇది మంచి పద్ధతి. బిడ్డకు కింద మనిషి ఒంటి వేడి తగులుతుంది, నీళ్లు నిలవకుండా జారిపోతాయి. ఎడమ చెయ్యి మెడ కింద ఉండాలి, బొటనవేలు ఒక చెవి వెనక, మిగతా వేళ్లు రెండో చెవి వెనక. తల మీద పోసేటప్పుడు అరచెయ్యి నుదుటి మీద అడ్డం పెడితే నీళ్లు కళ్లలోకి, ముక్కులోకి దిగవు. చెంబు ఎత్తి ధారగా పోయకండి, జానెడు ఎత్తు నుంచి కొద్దికొద్దిగా ఒంపండి. బోర్లా వేసినప్పుడు ముఖం పక్కకు తిరిగి ఉందో లేదో, ఊపిరికి అడ్డేమైనా ఉందో చూస్తుండాలి. తల మీద మెత్తగా కొట్టుకునే మాడును చూసి భయపడకండి, వేళ్ల మెత్తలతో నిమిరితే ఏమీ కాదు.

అయితే ఇప్పుడు ఎక్కువ మంది తల్లులకు ఆపరేషన్ కాన్పులే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై మందికి సిజేరియనే. కుట్లతో ఉన్న మనిషిని నేల మీద కాళ్లు చాపి వంగమనడం అన్యాయం. ఎత్తైన బల్ల మీద చిన్న తొట్టి పెట్టి, నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, ఒకరు పట్టుకుంటే ఒకరు పోయండి. అత్తగారు "మా రోజుల్లో ఇలా లేదు" అంటే, నా పేరు చెప్పండి.

6. బట్ట విప్పగానే బిడ్డ చేతులు విసిరి ఉలిక్కిపడుతుంది, వెంటనే ఏడుపు అందుకుంటుంది. దీనికి నేను చేసేది ఒకటే. పాత నూలుచీర ముక్కను బిడ్డ చుట్టూ వదులుగా చుట్టి, అలాగే గోరువెచ్చని నీళ్లలోకి దించుతాను. ఒక చెయ్యి బయటికి తీసి కడిగి, మళ్లీ గుడ్డలో పెట్టి, రెండో చెయ్యి. తర్వాత కాళ్లు. పొట్ట మీద తడిగుడ్డ వెచ్చగా ఆని ఉన్నంతసేపూ బిడ్డ కళ్లు విప్పి మన ముఖం చూస్తుంది. పక్కన నిలబడి భయపడుతున్న తల్లి కూడా అప్పుడు దగ్గరికి వస్తుంది.

7. నూనె మంచిదే. కొబ్బరినూనె, నువ్వులనూనె ఏదైనా పర్వాలేదు, ఆవనూనె మాత్రం లేత చర్మానికి మంట. అరచేతుల్లో వెచ్చజేసి పది నిమిషాలు నిమరండి, పిసకకండి. ముక్కు సాగదీయడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం వద్దు. నూనె రాసిన బిడ్డ చేతిలోంచి జారుతుంది కాబట్టి ఆ రోజు గుడ్డ చుట్టే పోయండి. సున్నిపిండి గరుకు, కొన్ని నెలలు ఆగండి. సబ్బు మురికి పట్టే మడతలకు కొంచెం చాలు. పౌడర్ అసలే వద్దు, ఆ దుమ్ము బిడ్డ ఊపిరిలోకి పోతుంది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల దుమ్ము ఎటూ ఉంది మనకు.

8. కొన్ని పనులు ఎంత పెద్దవాళ్లు చెప్పినా చెయ్యకండి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చిన బిడ్డలను చూశాను. గొంతులో వేలు పెట్టి తెమడ తీయడం, ముక్కులోకి నోటితో ఊదడం కూడా అంతే. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా రొమ్ములు కాస్త ఉబ్బి ఉండొచ్చు, పాలచుక్క కూడా రావొచ్చు. తల్లి హార్మోన్ల ప్రభావమది, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పిండితే చీము పట్టి గడ్డ లేస్తుంది.

9. లాల పోసే వేళ బిడ్డ ఒళ్లంతా మన కళ్ల ముందు ఉంటుంది. చూసుకోండి. కిటికీ వెలుతురులో నుదురు, ఛాతీ వేలితో నొక్కి వదలండి, పచ్చదనం తెలుస్తుంది. అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి. బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారినా, ఒళ్లు చల్లబడినా కాలినా, పాలు పట్టకపోయినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా 108కి ఫోన్ చేయండి. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో నవజాత శిశువులకు ప్రత్యేక వార్డు ఉంది. గుండాల, కరకగూడెం అడవి ఊళ్ల నుంచి వానాకాలంలో దారి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

10. తువ్వాలులో చుట్టాక ముందు తల తుడవండి, తడి తల నుంచి బిడ్డ ఒంటివేడి చాలా పోతుంది. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పడదు, దేవుడి గదిలో వేసుకోండి. కాటుక కళ్లలో వద్దు, అరికాలి మీద చుక్క పెట్టండి. ఆఖరి చెంబు నీళ్లు బిడ్డ చుట్టూ తిప్పి శ్రీరామరక్ష అనడం మాత్రం మానకండి. రామయ్య ఊరి పక్కన ఉన్నవాళ్లం, ఆ మాటకు ఇల్లంతా ఒకచోట చేరుతుంది. అమ్మమ్మ గొంతు, నీళ్ల చప్పుడు రోజూ వింటే బిడ్డ కూడా వాటికి అలవాటుపడుతుంది.

11. తండ్రులు కూడా నేర్చుకోవాలి. గని నుంచి వచ్చినవాళ్లు ముందు తాము స్నానం చేసి, బట్టలు మార్చుకొని, గోళ్లలో బొగ్గు పోయేలా చేతులు కడుక్కొని బిడ్డను ఎత్తుకోవాలి. అయ్యల చేతులు పెద్దవి, మెడా వీపూ ఒక్క చేతిలో ఒదుగుతాయి. ఆ పట్టు చూస్తే నాకు ధైర్యమేస్తుంది. సెకండ్ షిఫ్ట్ వారం పొద్దున ఇంట్లో ఉంటారు కాబట్టి లాల వాళ్లే పోయొచ్చు. ఫస్ట్ షిఫ్ట్ వారం మూడున్నరకు ఇంటికి చేరితే, చలికాలంలోనైనా ఎండ ఇంకా ఉంటుంది, పోయొచ్చు. నైట్ షిఫ్ట్ దిగిన పొద్దున మాత్రం వద్దు. నిద్రమత్తు కళ్లతో తడి బిడ్డను పట్టుకోకూడదు, పడుకొని లేచాక పోస్తారు.