ఎక్కడ ఆపారో రాసిపెట్టుకోండి

ఆఫీసు, ఇల్లు. ఆ రెండింటి మధ్య వయొలిన్, బొమ్మల పుస్తకం, ఆదివారాలు గోడల మీద రంగులు, సంక్రాంతి నెలలో ముగ్గులు. ఇన్ని ఎలా కుదురుతాయని నన్ను అడిగేవాళ్ళలో చాలామంది జవాబు కోసం అడగరు. తమకు టైమ్ లేదని ముందే తీర్పు రాసేసుకుని, దాని కింద నా సంతకం కోసం వస్తారు. ఆ సంతకం నేను పెట్టను.

పసిపిల్లల తల్లికి, మంచాన పడ్డ పెద్దవాళ్ళకి సేవ చేసేవాళ్ళకి, రెండు షిఫ్టులు చేస్తే గానీ ఇల్లు గడవనివాళ్ళకి నిజంగానే టైమ్ ఉండదు. వాళ్ళని ఒక్క మాట అనను. నా పేచీ మిగతావాళ్ళతో. రాత్రి భోజనాలయ్యాక సోఫాలో చేరగిలబడి, బొటనవేలితో రీల్స్ తోసుకుంటూ, అందులో ఎవరో గిటార్ వాయిస్తుంటే "నేనూ ఒకప్పుడు వాయించేవాణ్ణి" అని నిట్టూరుస్తారే, వాళ్ళతో. ఆ గంట ఎక్కణ్ణుంచి వచ్చింది? లేని టైమ్‌లోంచే వచ్చిందా?

ఇంత గట్టిగా అడుగుతున్నానంటే ఆ నిట్టూర్పు నాకు కొత్త కాదు కాబట్టే. నా వయొలిన్ కొన్నేళ్ళు బీరువా మీదే ఉంది. పక్క వాటాలో పాప మోహన వర్ణం సాధన చేస్తుంటే కిటికీ మూసేసిన సాయంత్రాలున్నాయి. ఆ పిల్ల చక్కగా వాయించేది. అందుకే వినలేకపోయేదాన్ని. నేను వయొలిన్ ముట్టకపోవడానికి ఇంట్లోవాళ్ళు బద్ధకం అని పేరు పెట్టారు. చాలాకాలం నేనూ అదే నమ్మాను. రోజూ ఐదింటికి లేచి వంట చేసి, బాక్సులు సర్ది, బస్సు పట్టుకునే మనిషికి బద్ధకం ఒక్క వయొలిన్ దగ్గరే ఎందుకొస్తుందని అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాకు తెలిసిన సంగతి చెప్తాను. కళను కొనసాగించడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. ఆగిపోయినదాన్ని మళ్ళీ మొదలుపెట్టడానికే శక్తంతా ఖర్చవుతుంది. శుక్రవారం సాయంత్రం అరగంట దొరికిందనుకోండి. పెట్టె కిందికి దించాలి, దుమ్ము తుడవాలి. సడలిపోయిన తీగల్ని స-ప-స-పకి తెచ్చుకోవాలి. కమాను బిగించి రోజిన్ రాయాలి. కింద కూర్చుని వయొలిన్ తలని కుడిపాదం మడమ దగ్గర ఆనించుకునేసరికి అరగంటలో సగం పోతుంది. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది: పోయినసారి ఎక్కడిదాకా వాయించాను? గుర్తుండదు. సరే, సరళీ స్వరాల నుంచే మొదలుపెడదాం అనుకుంటాం. ఈలోగా కుక్కర్ కూత. రెండువారాలు ఇలాగే జరిగితే మూడోవారం పెట్టె దించం. ఒక్క కళ ఉన్నవాళ్ళకే ఇంత కష్టమైతే, మూడు నాలుగు పెట్టుకున్నవాళ్ళకి ఎన్నిసార్లు మొదలుపెట్టడమో ఆలోచించండి. మనం అలిసిపోయేది అక్కడే.

"రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఇంతే" అని పెద్దవాళ్ళు అంటారు. నాతోనూ అన్నారు, ఇప్పటికీ అంటారు. అడివి బాపిరాజుగారు ఎన్ని పడవల మీద కాళ్ళు పెట్టారో లెక్కేయండి. ప్లీడరీ చదివి కొంతకాలం భీమవరంలో ప్రాక్టీసు చేశారు, బందరు జాతీయ కళాశాలకి ప్రిన్సిపాలుగా ఉన్నారు, హైదరాబాదులో 'మీజాన్' పత్రిక నడిపారు, సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. బొమ్మలు వేశారు, పాటలు రాసి పాడారు. ఇన్నిటి మధ్య రాసిన 'నారాయణరావు' నవల విశ్వనాథ వారి 'వేయిపడగలు'తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. 'హిమబిందు' చదివితే ఆ వర్ణనల్లో కుంచె పట్టిన చెయ్యి కనిపిస్తుంది. బుచ్చిబాబుగారు రేడియోలో ఉద్యోగం చేసుకుంటూనే 'చివరకు మిగిలేది' రాశారు, ప్రకృతి దృశ్యాలు గీశారు. బాలమురళీకృష్ణగారైతే చెప్పనే అక్కర్లేదు. గాత్రం, వయోలా, మృదంగం, కంజీర అన్నీ ఆయనవే. 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో నారదుడి వేషమూ వేశారు.

వాళ్ళంటే మహానుభావులు, మనమెక్కడ అంటారా? వాళ్ళంత గొప్పగా చెయ్యాలని నేను అనలేదు. ఒక మనిషి జీవితంలో ఇన్నిటికి చోటుంటుందని మాత్రమే అంటున్నాను. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఒక పరిశీలనలో మామూలు శాస్త్రవేత్తలకంటే నోబెల్ బహుమతి పొందినవాళ్ళకే సంగీతం, చిత్రలేఖనం లాంటి అభిరుచులు ఎక్కువగా ఉన్నట్టు తేలిందట. కళ వల్లే బహుమతి వచ్చిందని దీనర్థం కాదు. సరదాలు పెట్టుకుంటే అసలు పని చెడుతుందన్న మాట మాత్రం ఇక నిలబడదు.

ఇక నేను ప్రాణంగా పాటించే అలవాటు చెప్తాను. దాన్ని నేను 'రేపటి చీటీ' అంటాను. ఏ పనైనా ఆపి లేచేముందు, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో ఒక కాగితం ముక్క మీద రాసి, ఆ పనిముట్టు దగ్గరే పెట్టాలి. చేయాల్సింది ఇంతే. ఇంత చిన్నదాని గురించి ఇంత చెప్పాలా అనుకోకండి. నన్ను కళలోకి మళ్ళీ తీసుకొచ్చింది ఇదే.

ఈ పని మా అమ్మ చేయగా ఎన్నోసార్లు చూశాను గానీ, దాని విలువ నాకు పెద్దయ్యాకే తెలిసింది. ధనుర్మాసం వచ్చిందంటే రాత్రి పడుకోబోయేముందు అమ్మ తన ముగ్గుల పుస్తకం తీసి, మర్నాటి ముగ్గు పేజీలో అగ్గిపుల్ల పెట్టేది. పేజీ పైన ఒకే వరుస రాసి ఉండేది: "15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క." ముగ్గుపిండి జల్లించి గిన్నెలో పోసి, గడప పక్కన పుస్తకం మీదే పెట్టేది. తెల్లవారుజామున చలిలో, నిద్రమత్తులో, కళ్ళాపి చల్లిన తడినేల ముందు నిలబడినప్పుడు ఆవిడ ఆలోచించాల్సింది ఏమీ మిగిలేది కాదు. చెయ్యి దానంతటది చుక్కలు పెట్టేది. పాలవాడు వచ్చేలోపు మెలికలన్నీ తిరిగి వీధి నిండేది. పది దాటేసరికి స్కూటర్లూ రిక్షాలూ దాని మీదుగా పోయేవి. అమ్మ బాధపడగా నేను చూడలేదు. రాత్రికి మళ్ళీ పుస్తకం తీసేది. వీధికళ అనగానే మనకి హైదరాబాదు ఎం.ఎస్. మక్తాలో 2016 ప్రాంతంలో వేసిన పెద్దపెద్ద గోడబొమ్మలు గుర్తొస్తాయి. అవంటే నాకూ ఎంతో ఇష్టం. కానీ ఉద్యోగం లాంటి ఇంటిచాకిరీ మధ్య, ఎవరి మెప్పూ అడక్కుండా, రోజూ నడివీధిలో కళ చేసిన ఆడవాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇన్ని పనుల మధ్య కళ ఎలా నిలుస్తుందో మనం వాళ్ళనే అడగాలి.

చీటీ రాయడంలో ఒక పద్ధతి ఉంది. "వయొలిన్ సాధన చేయాలి" అని రాస్తే అది చీటీ కాదు, మొక్కుబడి. దాన్ని చూడగానే నీరసం వస్తుంది. "కల్యాణి వర్ణం, చరణ స్వరాల్లో మూడోది, రెండో కాలంలో తడబడుతున్న చోటు, మొదటి కాలంలో నాలుగుసార్లు" అని రాయండి. అది చదవగానే వేళ్ళు కదులుతాయి. మా మాస్టారు పాఠం పుస్తకంలో పెన్సిల్‌తో సరిగ్గా ఇలాగే గుర్తు పెట్టేవారు. ఎంతసేపు సాధన చేశావని ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదు. "ఎక్కడ ఆగావమ్మా?" అనే అడిగేవారు.

గోడ పనికి చీటీ ఇంకా ముఖ్యం. వారం తర్వాత వెళ్తే ఏ రంగు ఏ పాళ్ళలో కలిపామో ఎవరికి గుర్తుంటుంది? "కొంగ మెడ దాకా అయింది. రెక్క నీలం: రెండు మూతల నీలానికి ఒక మూత తెలుపు. కుడివైపు పెచ్చులూడుతోంది, గీకి ప్రైమర్ వెయ్యాలి" అని రాసి రంగుడబ్బాకి అంటించండి. కథ రాసేవాళ్ళు వాక్యం మధ్యలో ఆపి, తర్వాతి మాట పక్కన రాసుకోండి. చీటీ ఫోన్లో రాయకండి. ఫోన్ తెరిచింది చీటీ కోసమే అయినా, బయటికొచ్చేసరికి అరగంట అయిపోతుంది. లేచిపోయాక తీరిగ్గా రాద్దామనీ అనుకోకండి. చెయ్యి ఇంకా పనిలో ఉన్నప్పుడే రాయాలి. రెండు నిమిషాలు ఆగితే ఆ తడబడే చోటు ఏదో మనసులోంచి జారిపోతుంది.

చీటీతోపాటు పనిముట్టు కూడా అందుబాటులో ఉండాలి. వాయించాక కమాను సడలించి, పెట్టె మూత తెరిచే ఉంచి, పైన పల్చటి బట్ట కప్పుతాను. అది ఇప్పుడు హాల్లో, ఎండా చెమ్మా తగలని మూల ఉంటుంది. చుట్టాలొస్తే సర్దెయ్యమని ఇంట్లో ఒత్తిడి వచ్చింది. నేను సర్దలేదు. ఆ మూల కోసం నేను చేసినంత గట్టి వాదన ఈ ఇంట్లో ఇంకే విషయానికీ చెయ్యలేదు. ఆడవాళ్ళు ముఖ్యంగా వినండి: ఇంట్లో మీ కళకి కనబడే జాగా లేకపోతే, మీ రోజులోనూ దానికి జాగా ఉండదు.

చీటీ చేసే ఇంకో మేలు ఉంది. సోఫీ లెరాయ్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధించి చూపించారు. తిరిగొచ్చి ఏం చెయ్యాలో లేచేముందు రాసుకుంటే ఆ పీకులాట తగ్గుతుందని కూడా తర్వాత తేల్చారు. నా అనుభవమూ అదే. పూర్వం ఆఫీసులో ఫైళ్ళ మధ్య వయొలిన్ గుర్తొచ్చేది, వాయిస్తుంటే చెయ్యని పనులు గుర్తొచ్చేవి. ఎక్కడా పూర్తిగా ఉండేదాన్ని కాదు. పిల్లలు మాట్లాడుతుంటే తలూపుతూ వేరే ఏదో ఆలోచించేదాన్ని. ఇప్పుడు చీటీ రాసి లేచానంటే, ఆ పని చీటీ దగ్గరే ఉంటుంది. నా వెంట రాదు.

ఇన్ని కళలు పెట్టుకున్నవాళ్ళు టైమ్‌టేబుల్ వేసి, తలా అరగంట పంచుతారు. అది కుదరదు. వాయిద్యానికి రోజూ కొంచెం కావాలి. నాలుగురోజులు ముట్టకపోతే శ్రుతిజ్ఞానం పోదు గానీ, వేలికొసల చర్మం మెత్తబడి తీగ కోస్తుంది. పదిహేను నిమిషాలైనా సరే, రోజూ పట్టుకోవాలి. గోడ అలా కాదు. గోడకి అరగంట దేనికీ చాలదు. యజమాని అనుమతి అడగాలి, పాత సున్నం గీకాలి, ప్రైమర్ ఆరాలి, గళ్ళు గీసుకుని కాగితం మీది బొమ్మని పెంచాలి. ఆ తర్వాతే రంగు. దానికి పూటంతా కావాలి, తోడు ఇద్దరు కావాలి. బొమ్మల పుస్తకానికి ఏ టైమూ కేటాయించక్కర్లేదు. బ్యాంకులో టోకెన్ పిలిచేదాకా, బస్సు కదిలేదాకా ఉండే ఖాళీ దానిదే. ఏ కళ ఎలాంటి టైమ్ అడుగుతుందో చూసి ఇవ్వండి, సమానంగా పంచకండి.

కాలాన్నిబట్టి ఒకదాన్ని పెద్దపీట మీద కూర్చోబెట్టండి. వానాకాలం గోడ తడి ఆరదు, ఎండాకాలం గోడ కాలిపోతూ రంగు వేసినచోటే ఎండిపోతుంది. కాబట్టి దసరా దాటాక శివరాత్రి దాకా నాకు గోడల కాలం. మధ్యలో ధనుర్మాసం ముగ్గులది. వేసవీ వానాకాలమూ వయొలిన్‌వి. ఒకటి పెద్దపీట మీదున్నప్పుడు మిగతావి తక్కువైపోయాయని కుమిలిపోవద్దు. వాటి చీటీలు వాటి దగ్గర ఉన్నాయి.

మిగిలినవి గబగబా చెప్తాను. నిద్ర కోసి కళకి పెట్టకండి, రెండూ పాడవుతాయి. కొత్త కుంచెలు కొన్నంత మాత్రాన బొమ్మ వేసినట్టు కాదు, చేతిలో ఉన్నవి అరిగాకే కొనండి. చేసిన ప్రతిదీ స్టేటస్‌లో పెట్టకండి. సరదాగా మొదలైనదాన్ని ఏడాది తిరక్కుండా సంపాదన చెయ్యాలని చూడకండి. మీలాంటివాళ్ళు ఒక్కరైనా స్నేహంలో ఉండేలా చూసుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, నేర్చుకోమని మాత్రం బలవంతం పెట్టకండి. "రిటైరయ్యాక చూద్దాం" అనే మాట మీ నోట రానివ్వకండి. వేళ్ళు అప్పటిదాకా మన కోసం మెత్తగా కాచుకుని కూర్చోవు.

ఎంత చేసినా ఒక్కోసారి ఒక కళని నెలల తరబడి పక్కన పెట్టక తప్పదు. బదిలీ అవుతుంది, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు, పరీక్షలుంటాయి. అప్పుడు సిగ్గుపడుతూ మెల్లగా వదిలెయ్యడం అందరం చేసే పనే. అలా చెయ్యకండి. ఒకరోజు కూర్చుని పెద్ద చీటీ రాయండి. ఏ వర్ణం దాకా వచ్చిందో, ఏ స్వరం ఇంకా తడబడుతోందో, తీగలు ఏ దుకాణంలో కొన్నామో, కమాను వెంట్రుకలు ఎప్పుడు మార్పించామో, మాస్టారి ఫోన్ నంబరు, మళ్ళీ వచ్చినరోజు మొట్టమొదట చెయ్యాల్సిన ఒకేఒక్క చిన్న పని. తీగలు కొద్దిగా వదులు చేసి, ఆ కాగితాన్ని పెట్టెలో వయొలిన్ మెడ కింద పెట్టి మూత వెయ్యండి. పెట్టెని మాత్రం బీరువా మీద పెట్టకండి. చేతికందే ఎత్తులో పెట్టండి.